పూనకం కాదు, గుండె

మొన్న ఆదివారం ఖాజాగూడలో మా మేనత్త పోయింది. గుండె ఆగిపోయింది. కబురు తెచ్చిన బంధువు, ఆడమనిషికి గుండెజబ్బేందని నన్నే అడిగాడు. చావు వేళ పోట్లాట దేనికని ఊరుకున్నాను. ఈ వ్యాసంలో ఊరుకోను.

ముట్టు ఆగిపోయిన ఏడాది, ఖాజాగూడ ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో, అత్త ఇంటింటికీ బెల్లం పంచింది. నెలనెలా ఆడవాళ్లను బయట చాప మీద కూర్చోబెట్టే ఆచారం మీద నేను రాసిన వ్యాసాలు తక్కువేం కాదు. ఒక్క ఇంటి చాపైనా లోపలికి జరిగిందా? ఆమె మాత్రం నా నోట్లో బెల్లం ముక్క పెట్టి, "ఇగ నన్నెవడు బయట కూసోమంటడో చూస్త" అంది. ఆ ఆషాఢంలో బోనాల వరసకు ముందు తనే నడిచింది.

గుట్ట ఎక్కుతుంటే చెమటలు పట్టాయి. ఊపిరి అందక ఊగిపోయింది. అమ్మవారు పూనిందన్నారు జనం. డప్పులు హెచ్చాయి. పసుపునీళ్లు పోశారు. ఆమె మొగుడు, మా మామ, చేతులు జోడించి "వానలు పడ్తయా తల్లీ?" అని అడిగాడు.

"వానల సంగతి నాకేమెరుక? ఛాతీ పట్టేసింది. బండి కట్టు" అంది అత్త.

ఆ బండిలో నేనూ ఎక్కాను. దవాఖానలో మొదటి డాక్టరు గ్యాస్ అని తేల్చేశాడు. గుండెనొప్పి మగవాళ్ల జబ్బట! మా మామకూ ఈయనకూ తేడా ఏమిటి? నొప్పి పడుతున్న మనిషి మాట ఇద్దరూ వినలేదు. మామ కనీసం దండం పెట్టాడు.

పరీక్ష చేస్తే తప్ప బల్ల దిగనని అత్త మొండికేసింది. చివరికి ఒక డాక్టరమ్మ వచ్చి ఈసీజీ తీయించింది. గుండెకు నెత్తురు సరిగ్గా అందడం లేదని తేలింది. ఆమె చెప్పింది మగవాళ్లు కూడా చదవండి. ఆడవాళ్ల ఒంట్లో ఊరే ఈస్ట్రోజన్ రక్తనాళాలకు కొంత కాపు కాస్తుంది. ముట్టు ఆగాక అది తగ్గుతుంది. నాళాలు బిరుసెక్కుతాయి, కొవ్వు, బీపీ పెరుగుతాయి. అందుకే గుండెజబ్బు వాళ్లకు ఆలస్యంగా వస్తుంది తప్ప, రాకుండా పోదు.

అత్త నవ్వింది. "కావలోడు పోయిండని జెప్తే తలుపేసుకుంటుంటిమి గదమ్మా."

బెల్లం పంచినందుకు ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. తన ఈడు ఆడవాళ్లను పోగేసి, గచ్చిబౌలి దాకా నడిపించి, బస్సెక్కించి ఆ డాక్టరమ్మకు చూపించేది. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. బల్ల మీద వరసగా కూర్చుని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. నర్సు బీపీ పట్టీతో రాగానే అందరూ రవికె చేతులు పైకి మడిచారు. పట్టీ ఒక్కటే. చాచిన చేతులు బల్ల పొడుగునా.