పసుపు బిళ్ల

నా నోటికి భయపడని మనిషి మా తమిళనాడు ధర్మపురిలో లేడని చుట్టాలు నవ్వుతూ అంటారు. నేనూ నవ్వుతాను. కానీ ఆ నోరు తప్పకుండా తెరవాల్సిన ఒక మధ్యాహ్నం తెరుచుకోలేదు. ఏళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకు తెలియదు. మీకు చెబుతున్నాను, మీరు నా చుట్టాలు కారు కాబట్టి.

నేను కాలేజీలో చరిత్ర చదివాను. పెళ్లయ్యాక ఆ చదువు ఒక మూల పడి ఉంటే, పాత నాణేలు దాన్ని బయటికి లాగాయి. మద్రాసులో నాణేలు వేలం వేసే కంపెనీ ఒకటి మా వైపు దొరికే సరుకును నాకు చూపించేది. అసలా, నకలా అని నేను చెప్పాలి. అసలంటే వేలానికి ఎక్కుతుంది, బంగారం తూకానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. నకలంటే దాని కథ అంతటితో సరి. కంపెనీ మనిషి అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చేవాడు. చదువుకున్న మగవాడు నా మాట కోసం కాచుకుని కూర్చోవడం నాకు ఎంత బాగుండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఎనభైల మొదట్లో, వానలు తప్పిన ఏడు. మహేంద్రమంగళం నుంచి చిన్నమ్మ వచ్చింది. మా అమ్మకు వరసకు చెల్లెలు. భర్త పోయాడు. కొడుకుతో కలిసి చిన్న కొబ్బరి తోట చూసుకునేది. బావి అడుగంటింది. బోరు వేయిస్తే చెట్లు బతుకుతాయి, లేకపోతే లేదు. అందుకని ఇంటి దేవుణ్ణే చీర కొంగున కట్టుకుని తెచ్చింది.

మా తెలుగు ఇళ్లలో కొన్నింట ఇది ఉంది. పాత విజయనగరం వరహా, గోరంత బంగారు నాణెం. దాని మీద ఉన్న స్వామే ఇలవేల్పు. శుక్రవారం శుక్రవారం చింతపండుతో స్వామి ముఖం తోమి, పసుపు ముద్దలో కూర్చోబెడతారు. వెనక్కి మాత్రం తిప్పరు. అది స్వామి వీపు, చూడకూడదు. అక్కడ అంటిన పసుపును ఎన్నడూ గీకరు. మా అమ్మా అలాగే చేసేది. చింతపండు పిసికి ఇచ్చింది నేనే.

ఆ రోజు అదెలా మరిచిపోయాను?

బల్ల మీద గుడ్డ పరిచి నాణేన్ని దాని మీద పెట్టాను. భూతద్దం కింద స్వామి ముఖం మెత్తగా కరిగినట్టు ఉంది. కన్ను లేదు, ముక్కు లేదు. అచ్చుతో కొట్టిన నాణేనికి ఉండే పదును లేదు. బంగారం కరిగించి పోసిన నకళ్లు అలాగే ఉంటాయి. ఆ రోజు మా ఇంట్లోనే ఉన్న కంపెనీ మనిషి మెల్లగా, వెనక వైపు కూడా చూస్తే మంచిది కదమ్మా అన్నాడు. నాకు నేర్పుతున్నారా అన్నాను. అతను కాఫీ గ్లాసులోకి తల దించుకున్నాడు.

"పోత సరుకు చిన్నమ్మా. బంగారం నిజమే, నాణెం నకలు."

"మా అత్తకు వాళ్లత్త ఇచ్చింది పాపా. ఆ ముసలామె నకలు దేవుణ్ణి ఇచ్చిపోయిందంటావా?"

"ఎవరు ఇచ్చినారో నాకేం తెలుసు. కండ్లకు కనిపించింది చెప్తా ఉండాను."

"సరి పాపా. నీతో వాదించి గెలిచినోళ్లు ఈ జిల్లాలో ఎవరుండారు? సొంత మనిషివి, నాకు అబద్ధం చెప్పవు. బజారులో తూకానికి ఇచ్చేస్తా."

పసుపు తడికి గుడ్డకు అంటుకున్న నాణేన్ని గోటితో పెకలించి తీసి, కొంగున ముడి వేసుకుని వెళ్లిపోయింది.

గుడ్డ మడవబోతే కనబడింది. తరాల తరబడి గట్టిపడిన పసుపు, చిన్న బిళ్లలా, నాణెం వీపు నుంచి ఊడి గుడ్డకు అంటుకుని ఉంది. దాని మీద నాగరి అక్షరాలు, తిరగబడి, ఒక్కొక్కటి చెక్కినంత పదునుగా. పోత నకలైతే రెండు వైపులా ఒకేలా మెత్తబడి ఉంటుంది. ఒక్క ముఖమే అరిగిందంటే అది తోమిన అరుగుదల. నాణెం అసలుది. చింతపండు స్వామి ముఖాన్ని తినేసింది, ఎవరూ చూడని వీపు మాత్రం అచ్చు కొట్టిన రోజున ఉన్నట్టే ఉంది.

చిన్నమ్మ ఇంకా వీధి మలుపు దాటి ఉండదు. కేకేస్తే వినబడేది. కేకలకు నేను పెట్టింది పేరు. కంపెనీ మనిషి పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. నేనేం చేశాను? బిళ్లను పిడికిట్లో దాచాను. ఇతను వెళ్లాక పరుగెత్తుదామనుకున్నాను. అతను వెళ్లాడు. ఇప్పుడు నగల కొట్టుకు పోయి, పదిమంది ముందు, నేను తప్పు చూశానని చెప్పాలి. నా నోరు అంతకుముందు ఎన్నడూ పలకని వాక్యం అది. ఎంతకీ కుదరలేదు. కాళ్లు రాలేదని రాయబోయి కొట్టేశాను. కాళ్లు బాగానే ఉన్నాయి. సాయంత్రం ఏదో వంకతో ఆ కొట్టుకు వెళ్లేసరికి కరిగించేశారు.

తూకానికి వచ్చింది బోరుకు చాలలేదు. చెట్లు ఎండిపోయాయి. తల్లీకొడుకులు బెంగుళూరు పోయి, ఎవరివో మేడలకు ఇసుక మోశారు.

తర్వాత మా జిల్లాలోనే ఇండూరులో ఒక పెళ్లిలో చిన్నమ్మ కనిపించింది. కాయలు కాచిన చేతులతో నా చెయ్యి పట్టుకుని, ఇంకొకరైతే ఏమార్చి ఉందురు, నువ్వు నిజం చెప్పినావు అంది. శుక్రవారం పూజ మానేసిందట. ఇన్ని తరాలు నకలుకు మొక్కినామని తెలిసినాక దీపం పెట్టబుద్ధి కాలేదట. తోట పోయిందని నాకు తెలుసు. ఇది తెలియదు. ఏమని చెప్పను? నీ దేవుడు నిజమే, నేనే కరిగించానని చెప్పనా? చెబితే ఆమెకు తిరిగి వచ్చేదేముంది, మిగిలిన నమ్మకం నా మీదే, అదీ పోతుంది అని నాతో నేను వాదించుకున్నాను. గెలిచాను కూడా. నేనెప్పుడూ గెలుస్తాను.

బిళ్ల నా కుంకుమ డబ్బాలో ఉంది. అంచులు పొడిగా రాలుతున్నాయి. అక్షరాలు ఇంకా చదవవచ్చు.

చిన్నమ్మది తెలుగు మాటే గానీ, మా ఊళ్లలో చాలామందిలాగే తెలుగు అక్షరం రాదు. కొడుకు చదివింది తమిళ బడి. ఇది అచ్చయి వాళ్లింటికే చేరినా పొట్లం కట్టుకునే కాగితమే అవుతుంది. అది తెలిసే ఈ అక్షరాల్లో రాస్తున్నానా? అవును. నాకు చేతనైంది ఇంతే. నేను తప్పు చూశాను. తెలిశాక కూడా చెప్పలేదు. ఆ వాక్యం ఇన్నాళ్లకు కుదిరింది, వినాల్సిన మనిషి లేని చోట.