జరగని కుస్తీ

షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో సత్యానందం కుస్తీ పడతాడంటే అక్కడి తెలుగువాళ్లు మొదట్లో మొహమాటంగా నవ్వేవారు. డాక్టర్లూ ఇంజనీర్లూ కావలసిన పిల్లల మధ్య ఇదేం చోద్యమని వాళ్ల బెంగ. తల్లి కరుణమ్మ బాపట్ల నుంచి నర్సు ఉద్యోగం మీద వచ్చిన మనిషి. భర్త పోయాక పిల్లాణ్ణి ఒంటిచేత్తో పెంచింది. ఎవరేమన్నా చెవిన పెట్టలేదు. స్కూల్లో పిల్లలు ఏడిపిస్తుంటే ఆ పిల్లాడు వెళ్లి కుస్తీ గదిలో దూరాడు, అక్కడే పెరిగాడు. ఫ్రీస్టయిల్లో జాతీయ ఛాంపియన్ అయ్యాక, ఆ నవ్విన పెద్దమనుషులే పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

1980లో ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించాడు. ఆ ఏడు రష్యా మీద పంతంతో అమెరికా మాస్కో ఒలింపిక్స్‌కు వెళ్లనంది. పెద్దల గొడవలో అతని కష్టమంతా మట్టిపాలైంది. ఇక మిగిలింది 1984, లాస్ ఏంజిలిస్. అది దాటితే వయసు ఆగదని అతనికి తెలుసు.

కుస్తీలో ప్రత్యర్థికంటే ముందు త్రాసుతో పోరాడాలి. అతని తరగతి యాభై ఏడు కిలోలు. ప్రతి పోటీకి ముందూ తిండి మానేసి, నీళ్లు కూడా గుక్కెడు గుక్కెడుగా తాగి బరువు దించేవాడు. కరుణమ్మకు మాత్రం అందులో అర్థమైంది ఒక్కటే: బిడ్డ ఉపవాసం ఉన్నాడు. ఉపవాస ప్రార్థనల్లో పెరిగిన మనిషి, బిడ్డ పస్తుంటే తానెలా తింటుంది? అతను మానేసిన నాటి నుంచి తనూ మానేసేది. వచ్చిన పతకాలన్నీ ఆ జంట ఉపవాసాల ఫలమని తెలుగు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేది. ఆమెకు చక్కెర వ్యాధి. వార్డులో ఏ రోగైనా ఇలా చేస్తే చెడామడా చీవాట్లు పెట్టేదే.

’84 వసంతంలో అతను బరువు దించుతుండగా ఆమె డ్యూటీలోనే కుప్పకూలింది. మళ్లీ ఇలా జరిగితే దక్కదని డాక్టర్ అతనికి తేల్చి చెప్పాడు. అతను బతిమాలాడు, కసిరాడు. ఆమె తిన్నానని అబద్ధమాడి పస్తుండేది.

జూన్‌లో ఒలింపిక్ ఎంపిక పోటీలు వచ్చాయి. బయలుదేరే రోజు మధ్యాహ్నం ఆమె చేతులు వణకడం చూశాడు.

“అమ్మా, నేను పై వెయిట్ క్లాస్‌కి మారాను. ఇంక ఫాస్టింగ్ అక్కర్లేదు. నువ్వు తిను.”

“నిజంగానా నాయనా? అయితే ముందు నువ్వు తిను. నువ్వు తినకుండా నాకు ముద్ద దిగదు.”

అన్నం, కోడికూర వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతను పళ్లెం ఖాళీ చేశాడు. మారు వద్దంటే ఆమె ఊరుకోలేదు. అదీ తిన్నాక తను పెట్టుకుని, తల ఎత్తకుండా ఆవురావురుమని తింది. చూస్తూంటే అతనికి ఏడుపొచ్చింది.

మారానన్నది అబద్ధం. తిన్న బరువు చెమటగా దించాలని, పోటీ జరిగే ఊరిదాకా ప్లాస్టిక్ సూటు తొడుక్కుని, ఆ ఎండల్లో కారు హీటర్ వేసుకుని నడిపాడు. పొద్దున్నే త్రాసు ఎక్కితే పావుకిలో ఎక్కువ చూపింది. గడువు ముగిసేదాకా చెమటలు కక్కుతూ పరుగెత్తినా అది దిగలేదు. పేరు కొట్టేశారు.

తన చేతి అన్నమే కొడుకును ముంచిందని తెలిస్తే తల్లి తట్టుకోలేదు. అందుకని ఇంటికొచ్చి, ఓడిపోయానన్నాడు.

“నేను ఉపవాసం విడిచాను గదయ్యా. అందుకే ప్రభువు ఇవ్వలేదు. నా వల్లే.”

“నీ వల్ల కాదమ్మా. వాడు చాలా స్ట్రాంగ్. కాళ్లు లాక్ చేసి పడేశాడు.”

జరగని కుస్తీని అలా కళ్లకు కట్టినట్టు చెప్పాడు. తన వల్ల కాదంటే ఆమె నమ్మలేదు. అతను మళ్లీ బరిలోకి దిగలేదు, ఒక గిడ్డంగిలో పనికి కుదిరాడు. ఆమె ఆదివారం ఆదివారం ఆ పాపానికి మోకాళ్ల మీద ఏడ్చేది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

1988లో ఆమె కిడ్నీలు పోయాయి. తను పనిచేసిన ఆస్పత్రిలోనే మంచం పట్టి, ఒకనాడు అతని చెయ్యి పట్టుకుంది.

“నన్ను క్షమించావా నాయనా?”

తప్పే లేదంటే ఆమెకు ఊరట ఉండదు. ఆ మాట అప్పుడే చెప్పిచూశాడు.

“క్షమించానమ్మా.”

ఆమె మొహం తేటపడింది. కళ్లు మూసుకుంది. ఆ మాట నోట వచ్చాకగానీ సత్యానందానికి తెలిసిరాలేదు, ఆ పళ్లెం ముందు కూర్చోబెట్టినందుకు తల్లి మీద తనకు నిజంగానే కోపం ఉందని, అది ఇంకా పోలేదని.