ఇంట్లో చెప్పావా అని అడిగే మనిషి

ల్యాబు మాస్టారు పోయారన్న కబురు నాకు మా ఇంటి పక్క కల్లంలో తెలిసింది. ఎండబోసిన మిరపకాయలు ఇంకా పూర్తిగా ఎండలేదు. పడమట చూస్తే మబ్బు. నాలుగు చినుకులు పడితే కాయ బూజు పట్టి ఏడాది కష్టం మట్టిలో కలిసిపోతుందని నేనూ మా ఆవిడా పట్టాలు కప్పుతున్నాం. ఆవిడ కల్లం అవతలి చివర ఉంది. మా బావ మోపెడ్ దిగి, స్టాండు కూడా సరిగా వేయకుండా నా దగ్గరికి వచ్చాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, పక్క చేను వాడు.

"ఒరేయ్, ల్యాబు మాస్టారు పోయాడంటరా. పొద్దున గుండెలో నొప్పన్నాడంట. గుంటూరు తీసుకెళ్తుంటే దార్లోనే అయిపోయిందంట."

బావ మా ఆవిడ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇంక ఆ సంగతి తెలిసినోళ్ళం మనిద్దరమేరా" అన్నాడు. నన్ను ఊరడించడానికే అన్నాడు పాపం. నాకు మాత్రం అది ఊరటగా తోచలేదు.

ఆ సంగతేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. బావని అడిగే రాస్తున్నాను. మాస్టారి గురించి మంచి మాటలు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆయనకి చెడ్డపేరు తెచ్చినవాడు కూడా ఒకడు మాట్లాడాలి.

ప్రత్తిపాడు సెంటర్లో సోడా కొట్టు పక్కన ఒక గది, దాని వెనక చిన్న గది, ముందు వరండా. అదే ఆయన ల్యాబు. ఆయన బడిలో ఎప్పుడూ పాఠం చెప్పలేదు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు అందులో ఏముందో పిల్లలకి చెప్పినంత ఓపిగ్గా చెప్పేవారు కాబట్టి మాస్టారయ్యారు. కరెంటు మీద ఆయనకి నమ్మకం లేదు. మైక్రోస్కోపుకి కింద ఒక అద్దం ఉండేది. దాన్ని కిటికీ పక్కన పెట్టుకుని, అద్దం తిప్పి ఎండ పట్టి చూసేవారు. మబ్బు పట్టిన రోజు వెళ్తే "ఇవాళ నాకు కళ్ళు లేవు, రేపు రండి" అనేవారు. టేబుల్ ఫ్యాను ఎప్పుడూ ఆడవాళ్ళు కూర్చునే బల్ల వైపే తిరిగి ఉండేది. బుగ్గన లవంగం పెట్టుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో తాపీగా రాసేవారు.

మా అమ్మ మొదటిసారి మా ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళి, "మా కోడలు గొడ్డుదండి, ఏం లోపమో చూడండి" అంది. ఆయన కలం కింద పెట్టేశారట.

"ఆ మాట బయట చెప్పుల దగ్గర వదిలేసి రండమ్మా. తర్వాత చూస్తా."

అమ్మ ఇంటికొచ్చి నాలుగు రోజులు ఆయన్ని తిట్టిపోసింది.

మాకు పెళ్ళై అప్పటికి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో మా ఆవిడ ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. స్కానింగులు, సూదులు, మూడు ఆదివారాలు పరగడుపున తాగించిన పసరు మందు. తిరగని గుడి లేదు. నేను మెట్ల కింద నిలబడి బీడీలు కాల్చేవాణ్ణి. అసలు మగవాడు చూపించుకోవాలని మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఎక్కడికి పోవాలి? ఆడవాళ్ళకి గుంటూరులో ప్రతి వీధిలో ఒక డాక్టరమ్మ బోర్డు ఉంది. మా కోసం ఉన్నవి గోడల మీద సున్నంతో రాసిన రాతలే. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో రహస్య వ్యాధులకి వైద్యం అని. నేనూ ఒకసారి మొహానికి తువ్వాలు చుట్టుకుని పోయి, నల్లటి లేహ్యం ఒకటి తెచ్చుకుని, పత్తి చేలో కూర్చుని తిన్నాను.

చివరికి ఒక డాక్టరమ్మ, "ముందు మీ ఆయనకి పరీక్ష చేయించు, అప్పటిదాకా నా దగ్గరికి రాకు" అని చీటీ రాసిచ్చింది. ఆ చీటీతో మాస్టారి దగ్గరికి వెళ్తే ఆయన ఒక చిన్న సీసా ఇచ్చారు. గంటలోపు తేవాలి, ఒంటి వెచ్చదనం తగిలేట్టు బొడ్లో పెట్టుకుని తేవాలి అన్నారు.

నాకు భయం పట్టుకుంది. లోపం ఉందేమోనన్న భయం కాదు, ఉందని కాయితం మీద పడుతుందన్న భయం. మా ఊళ్ళో కాయితం మీద పడ్డది చెరగదు. బావకి ఇద్దరు పిల్లలు. వాడికి చెప్పుకుని ఏడిస్తే, "దీనికింత ఏడుపెందుకురా, నాది పట్టుకుపో" అన్నాడు. ఒక పొద్దున చేలో మోటారు కొట్టం దగ్గర ఆ పని జరిగిపోయింది. నేను గుమ్మం ముందు కాపలా నిలబడ్డాను. మోపెడ్ మీద ప్రత్తిపాడు చేరడానికి అరగంట కూడా పట్టలేదు. మాస్టారు చూసి, అంతా సవ్యంగా ఉందని రాసి సంతకం పెట్టారు.

ఆ కాయితం ఏం చేస్తుందో నేను ఆలోచించలేదు. అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్డుసంచిలో దోపుకుంది. చదువు రాదు కాబట్టి ఒక్కోసారి తలకిందులుగా పట్టుకుని వీధివీధికీ చూపించింది. "నా కొడుకులో లోపం లేదు, ఇదిగో కాయితం" అని. నెల తిరక్కుండా చీరాల వైపు నుంచి నాకు రెండో సంబంధం వచ్చింది. ఆదివారం పెద్దమనుషులు కూర్చుని మా ఆవిణ్ణి పుట్టింటికి పంపే మాట తేల్చాలన్నారు. అందరూ మాట్లాడుతున్నారు, నేను తప్ప. మా ఆవిడ ఎప్పటిలాగే వండి వడ్డించేది. నా మొహంలోకి మాత్రం చూడటం మానేసింది.

గురువారం సాయంత్రం పత్తికి మందు కొడుతున్నాను. వాన పడి నల్లరేగడి బాటంతా జిగురు. ఆ బాటన సైకిలు సాగక, దాన్ని గట్టు మీద పడేసి, మోకాళ్ళదాకా బురదతో మాస్టారు నడిచి వస్తున్నారు. ఆయన మా చేలోకి రావడం అదే మొదలు.

"ఏమయ్యా, మూతికి గుడ్డ కట్టుకోకుండానే మందు కొడుతున్నావా?" అన్నారు. ఈ మాట ఆయన ప్రతి మగవాణ్ణీ అడిగేవారు. "దానికీ, పిల్లలు లేకపోవడానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలీదు. అడగడం మాత్రం అడుగుతా."

నేను నవ్వబోయాను.

"నువ్విచ్చిన సీసా నీది కాదు" అన్నారు.

వీపు మీద డబ్బా బరువు అప్పుడు తెలిసింది నాకు. "ఎవరు చెప్పారు మాస్టారూ? ఎవడో గిట్టనోడు..."

"ఎవరు చెప్తే ఏముంది? అవునా, కాదా?"

నేను డబ్బా దించి కింద పెట్టాను. ఆయన గట్టు మీద కూర్చున్నారు.

"మూడేళ్ళ కిందట ఒకతను ఇట్లాగే సీసా తెచ్చాడు. బాగుందని రాసిచ్చా. ఆ కాయితం చూపించి పెళ్ళాన్ని వెళ్ళగొట్టాడు. నిరుడు రెండో ఆవిణ్ణి తీసుకొచ్చాడయ్యా, దీనిక్కూడా లోపమే, చూడండి అని. అప్పటిగ్గానీ నా బుర్రకెక్కలేదు. ఆ మొదటావిడ ఇప్పుడు చీరాల్లో మగ్గాల దగ్గర కండెలు చుట్టుకుంటోందంట. ఆవిణ్ణి పంపింది వాడొక్కడే కాదు, నా సంతకం."

"మీ పని మీరు చూసుకోండి మాస్టారూ" అని కసిరాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నా పనే చూసుకుంటున్నా. ఆదివారంలోపు రా. వెనక గదిలో గడియ పెట్టుకో. ఎవరూ తలుపు కొట్టరు."

శుక్రవారం నేను వెళ్ళలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ తన ఆకుపచ్చ ట్రంకు పెట్టె మంచం కింద నుంచి లాగి, చీరలు ఒక్కొక్కటే మడిచి సర్దుకుంటోంది. ఏడవడం లేదు. నన్ను చూసి కూడా ఆగలేదు. సర్దడం అయ్యాక మూత వేసి, గొళ్ళెం పెట్టి, మళ్ళీ మంచం కిందకి తోసింది. ఆ రాత్రి నేను ఆ మంచం ఎక్కలేక అరుగు మీదే పడుకున్నాను.

శనివారం పొద్దున్నే వెళ్ళాను. మంచి ఎండ. మాస్టారు అద్దం సర్దుకుని చాలాసేపు చూశారు. రెండో చుక్క వేశారు, మూడోది వేశారు. తర్వాత లేచి, "నువ్వే చూసుకో" అని కుర్చీ ఇచ్చారు. నేను కన్ను ఆనించాను. గుండ్రటి తెల్లటి వెలుతురు. అందులో ఏమీ లేదు. ఎంతసేపు చూసినా ఏమీ కదల్లేదు.

"లేకపోవడం తప్పు కాదయ్యా" అన్నారు వెనక నుంచి. "దాన్ని తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన రుద్దడమే తప్పు."

లోపం నాదని అందరి ముందూ ఒప్పుకోవడానికి ఎలాగో గుండె చిక్కబట్టుకున్నాను. మోసం చేశానని చెప్పుకోవడానికి మాత్రం నోరు పెగల్లేదు. "ఆ ఒక్కటీ వద్దు మాస్టారూ, బతకలేను" అన్నాను. ఆయన లవంగం నములుతూ కాసేపు కిటికీలోంచి చూశారు.

"సరే, అది నేను చూసుకుంటా. కానీ ఇంట్లో నువ్వే చెప్పుకోవాలి. అది నేను చెప్పను."

ఆదివారం పెద్దమనుషుల ముందు ఆయన లేచి నిలబడ్డారు. "పొరపాటు నాది. ల్యాబులో సీసాలు తారుమారయ్యాయి. ఇదీ అసలు కాయితం" అన్నారు. ఒకాయన, "ఆడపిల్ల బతుకు తీసేవాడివి కదయ్యా, ఇంత నిర్లక్ష్యమా?" అని అరిచాడు. మాస్టారు తలొంచుకుని, "తప్పేనండి" అన్నారు. నేను నేల చూస్తూ కూర్చున్నాను. సంబంధం ఆగిపోయింది. అమ్మ ఆ పాత కాయితం చించి పొయ్యిలో వేసింది.

ఆ తర్వాత ఏడాదిపాటు ఆయన ల్యాబు బల్ల మీద మనుషులు లేరు. సీసాలు మార్చే మాస్టారని పేరు పెట్టారు. జనం జ్వరం పరీక్షకి కూడా గుంటూరు బస్సెక్కారు. ఆయన ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. పైగా నన్ను వెంటబెట్టుకుని గుంటూరు తీసుకెళ్ళారు. ఎక్కడికి పోయినా ఆడవాళ్ళ మధ్య మేమిద్దరమే మగవాళ్ళం. నేను తువ్వాలు మొహం మీదకి లాక్కుంటే, "తీసేయ్, గాలాడదు" అనేవారు. ఆఖరికి ఒక మూత్రపిండాల డాక్టరు దొరికి, ఎక్కడో అడ్డు ఉండొచ్చు, హైదరాబాదు పొమ్మన్నాడు. పోయాం. ఆపరేషనూ అయింది. మిరపతోటలు రెండు కాపులు కాశాయిగానీ మాకు మాత్రం ఫలితం కనపడలేదు. మేం ఇద్దరమే మిగిలాం.

ఈ పదేళ్ళలో మాస్టారు నాకు ఎక్కడ కనపడినా, బస్సులో గానీ, పెళ్ళి భోజనాల్లో గానీ, దగ్గరికొచ్చి ఒకే మాట అడిగేవారు. "ఇంట్లో చెప్పావా?"

"చెప్తా మాస్టారూ."

ఆయన తలూపి వెళ్ళిపోయేవారు. కోప్పడినా బాగుండేది. ఇంటికొచ్చేవాణ్ణి, మంచం ఎక్కేటప్పుడు ఆ ట్రంకు పెట్టె మడమకి తగిలేది. మా ఆవిడ ఊడ్చేటప్పుడు దాన్ని పక్కకి జరిపి, మళ్ళీ అక్కడే పెట్టేది. ఇంకా ఎందుకది అంటే "పాత చీరలేలెండి, ఉండనీండి" అనేది. నేను రెట్టించేవాణ్ణి కాదు. మొన్న పదిహేను రోజుల కిందట మాస్టారు సోడా కొట్టు దగ్గర కనపడితే, చిక్కిపోయి ఉన్నారు. అదే ప్రశ్న. "కాయ అమ్మాక చెప్తా మాస్టారూ" అన్నాను. నవ్వారు. "కాయ అమ్మడానికీ దానికీ ఏం సంబంధమయ్యా?" అన్నారు. అదే ఆఖరు.

ఆయన్ని సాగనంపి వచ్చిన మర్నాడు మబ్బు విడిపోయి ఎండ కాసింది. కల్లంలో మా ఆవిడ కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను. ఇక అడిగేవాళ్ళు లేరు. అడగరన్న ధీమా కంటే, ఇంక ఎప్పటికీ అడగరన్న భయమే నన్ను తోసింది.

"మాస్టారి దగ్గర సీసాలు మారలేదు" అన్నాను. "నేను తీసుకెళ్ళిందే నాది కాదు. బావది."

ఆవిడ చెయ్యి ఆగలేదు. ఒక తెల్లకాయ తీసి పక్కన పడేసి, "తెలుసు" అంది.

ఎలా తెలుసని అడిగాను.

"ఆ పొద్దున కూలోళ్ళకి అన్నం పట్టుకుని చేలోకి వస్తున్నా. కొట్టంలోంచి సీసాతో బయటికొచ్చింది మీ బావ. మీరు గుమ్మంలో నిలబడ్డారు. పెద్దమనుషులు కూర్చుంటారన్నాక ప్రత్తిపాడు పోయి మాస్టారికి చెప్పింది నేనే."

"మరి ఇన్నేళ్ళు ఒక్కసారీ అడగలేదేం?"

"అడిగితే చెప్పడం ఏం గొప్పండీ? మీ అంతట మీరు చెప్తారేమోనని చూశా. మాస్టారు కూడా అదే అనేవారు. 'ఇంకొంచెం చూడమ్మా, చెప్తాడు' అని. నేను కనపడ్డప్పుడల్లా అనేవారు. ఆయనుండగా చెప్పుంటే బాగుండేది."

ఆ మాటకి నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. లేచి చేతులు దులుపుకుని ఇంట్లోకి వెళ్ళింది. మంచం కింద నుంచి ఇనుము నేల మీద రాసుకుంటున్న చప్పుడు వినపడింది. గొళ్ళెం తుప్పు పట్టి రాకపోతే రాయి పెట్టి కొట్టింది.

చీరలు ఒక్కొక్కటే తెచ్చి దండెం మీద ఆరేసింది. పదేళ్ళ కిందట ఆ శుక్రవారం సాయంత్రం ఎలా మడిచిందో అలాగే ఉన్నాయవి. విప్పితే మడతల వెంట రంగు పోయి తెల్లటి గీతలు. గుమ్మం దగ్గర పెట్టె మూత తెరిచే ఉంది. ఎండ తగిలాక ఆ చీరలు బీరువాలోకి వెళ్తాయా, తిరిగి పెట్టెలోకి వెళ్తాయా అని ఆవిణ్ణి అడగాలనుకున్నాను. అడగలేకపోయాను. ఎదురుచూడటం ఇప్పుడు నా వంతు.