చివరి పేరు తుడిచేసిన సాయంత్రం

అది 2022, ఎండాకాలం. పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లు దిగే వీధిలో మాది చిన్న రక్తపరీక్షల లాబ్. కౌంటరులో కూర్చునేది నేనొక్కదాన్నే. చదివింది ఏడో తరగతే. కంప్యూటర్ పని మా ఓనరు చెంగల్రాయుడన్న పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. వచ్చినవాళ్ల పేరు, ఊరు, వయసు కొడితే కంప్యూటర్ తనంతట తానే ఒక నంబరు ఇస్తుంది. ముందు మనిషి నంబరుకు ఒకటి కలిపి తర్వాతి మనిషికి ఇవ్వడమే దాని పని. ఆటో ఇంక్రిమెంట్ ఐడీ అంటారు దాన్ని. ఆ నంబరు అచ్చయిన స్టిక్కర్ రక్తం గొట్టానికి అతికిస్తాం. గొట్టం మీద పేరు ఉండదు. పరీక్ష చేసే మిషన్‌కు తెలిసింది నంబరు ఒక్కటే.

చెంగల్రాయుడన్న మంచివాడే, కానీ పట్టింపుల మనిషి. రక్తం ఇచ్చినవాళ్లు ఎవరైనా ఆ పొద్దే చనిపోయినట్టు తెలిస్తే, లాబ్ మూసేటప్పటికి వాళ్ల పేరు జాబితా చివర ఉండకూడదు.

“తెల్లారి బోణీ చచ్చినోళ్ల పేరు కిందనా మే రాసేది? తీసెయ్, ఇట్లా జరుగు” అని తనే వచ్చి డిలీట్ నొక్కేవాడు. నాకూ అది వింతగా తోచలేదు. మా ఇంట్లోనూ దీపం పెట్టే వేళ చావు మాట ఎత్తనివ్వరు.

ఒకరోజు పూతలపట్టు వైపు నుంచి గంగులప్ప అనే ఆయనను తీసుకొచ్చారు. మామిడికాయలు కోస్తూ చెట్టు మీది నుంచి పడి తొడ ఎముక విరిగింది. కట్టు కట్టించేలోపే ఊపిరాడక పక్కనున్న నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. అక్కడినుంచి చక్కెర పరీక్షకు అతని రక్తం మాకు వచ్చింది. ఆ పూట మిషన్ మొరాయించింది. రిపేరు మనిషి పొద్దున వస్తాడని గొట్టాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టాం. మూసే వేళకు ఫోను వచ్చింది, గంగులప్ప పోయాడని. చివరి పేరు అతనిదే. అన్న దాన్ని తీసేశాడు, స్విచ్చి ఆపి కంప్యూటర్ కట్టేశాడు, తాళం వేసుకుని వెళ్లిపోయాం. గొట్టం సంగతి ఎవరికీ తోచలేదు.

మర్నాడు మొదట వచ్చింది మునెమ్మ. బస్టాండు చుట్టుపక్కల గంపతో తిరిగి మల్లెపూలు అమ్మే మనిషి. కాలి బొటనవేలికి పుండు లేచి మానకపోతే డాక్టరు చక్కెర పరీక్ష రాశాడు.

“పరగడుపునే వచ్చినావా మునెమ్మా?”

“కాఫీ కూడా తాగలే మే. గుచ్చేదేదో బిన్నా గుచ్చు, పొద్దెక్కతా ఉండాది. నా పూలు నీకోసరం కాసుకోనుంటాయా?”

మిషన్ బాగయింది, ఫ్రిజ్‌లోని గొట్టాలూ కొత్తవీ అన్నీ దాంట్లో పెట్టాం, రిపోర్టు వచ్చింది. చక్కెర లేదని ఉంది. ఆమె ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని వెళ్లింది. డాక్టరు దాన్ని చూసి మామూలు పుండే అనుకుని మందు రాశాడు.

కొన్ని వారాలకు ఆమె భర్త సుబ్రమణ్యం లాబ్‌లోకి వచ్చాడు. చేతిలో తిరుపతి ఆసుపత్రి కాగితాలు.

“ఈడ పనిచేసేది మనుషులా, బొమ్మలా? మీరేమో చక్కెర లేదంటిరి. ఆడ రక్తమంతా చక్కెరే అంటా ఉండారు. కాలు తీయాలంటన్నా!”

“మిషన్ మిషన్‌కూ కొంచెం తేడా ఉంటాదప్పా...” అన్నాడు చెంగల్రాయుడన్న.

“కొంచెమా? కాలు పొయ్యేంత కొంచెమా?”

అన్న ఆ కాగితాలు తీసుకుని రెండుసార్లు చదివాడు. ఆ పొద్దే ఆ కంప్యూటర్ ప్రోగ్రాం రాసిన మురళిని తిరుపతి నుంచి పిలిపించాడు.

మురళి ముందు పరీక్ష మిషన్ లోపలి జ్ఞాపకం తెరిచి చూశాడు. మునెమ్మ నంబరుతో రెండు గొట్టాలు చదివింది మిషన్. మొదటిదాంట్లో చక్కెర సరిగ్గా ఉంది. రెండోదాంట్లో విపరీతంగా ఉంది. కానీ ఆ నంబరుకు ఫలితం అప్పటికే వచ్చేసిందని రెండోదాన్ని పక్కకు తోసేసింది.

“ఒకే నంబరు ఇద్దరికెట్లా పొయ్యిందబ్బా?” అని మురళి దొంగపేర్లు కొట్టి చూశాడు. చివరిది తీసేసి ఇంకో పేరు కొడితే నంబరు ముందుకే పోయింది. తీసేసిన నంబరు తిరిగి రాలేదు. పొద్దు గూకేదాకా అదే పని. ఎన్నిసార్లు చేసినా తప్పు దొరకలేదు. చివరికి నావైపు తిరిగాడు.

“ఆ యమ్మ వచ్చే ముందురోజు కడాకు వచ్చింది ఎవరక్కా?”

“గంగులప్ప సార్.”

“జాబితాలో లేడే?”

“చచ్చిపొయ్యినాడు. పేరు తీసేసినారు.”

“తీసేసి?”

“కంప్యూటర్ కట్టేసి ఇండ్లకు పోయినాం.”

మురళి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. చివరి దొంగపేరు తీసేసి, ఈసారి కంప్యూటర్‌ను పూర్తిగా కట్టేసి మళ్లీ వేశాడు. కొత్త పేరు కొట్టాడు. తీసేసిన నంబరే కొత్త పేరు పక్కన వచ్చి నిలబడింది.

తర్వాత మాకు విడమరచి చెప్పాడు. నడుస్తున్నంతసేపూ ఇవ్వాల్సిన తర్వాతి నంబరును, పేర్లన్నీ దాచే డేటాబేస్ గుర్తుపెట్టుకుంటుంది. కట్టేస్తే మరిచిపోతుంది. మళ్లీ లేచాక జాబితాలో మిగిలినవాటిలో పెద్ద నంబరు ఏదో చూసి దానికి ఒకటి కలుపుకుంటుంది. కొత్త రకాల్లో ఈ జబ్బు లేదట. మాది పాతది.

“అయితే ఆ యమ్మ కాలు పొయ్యేది నావల్లనే కదప్పా” అన్నాడు చెంగల్రాయుడన్న.

“తుడిచే బటన్ పెట్టింది నేను సార్. దాన్ని మార్చకుండా ఇన్నేండ్లు వదిలేసింది నేను” అన్నాడు మురళి. ఆ మాటతో అన్న మొహంలో బరువేమీ తగ్గలేదు.

మేము ఆసుపత్రికి వెళ్లేసరికి మోకాలి కింద కాలు తీసేశారు. అన్న మంచం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పాడు. సుబ్రమణ్యం గోడవైపు తిరిగి నిలుచున్నాడు. మునెమ్మ చాలాసేపు దుప్పటి పల్లంగా ఉన్నచోటే చూస్తూ ఉండిపోయింది.

“ఆ కాయితంలో ఉండింది ఎవురి రక్తం?”

అన్న నావైపు చూశాడు. నేను చెప్పాను, గంగులప్ప అని, చెట్టు మీది నుంచి పడ్డాడని.

“ఆయప్ప ఇంటోళ్లకు చెప్పినారా, ఆయనకు ఏ చక్కెరా లేదని?”

“లేదు మునెమ్మా.”

“ఆ మంచిమాట నాకు చెప్పినారు. జాంగిరి తెప్పించుకోని తిన్నా మే, ఆ పొద్దు.”

ఇప్పుడు మా దగ్గర తుడిచే బటన్ లేదు. వద్దనుకున్న పేరు పక్కన ‘రద్దు’ అని పడుతుంది, పేరూ నంబరూ అట్లాగే ఉంటాయి. స్టిక్కర్ మీద పేరు కూడా వస్తుంది. దాన్ని పైకి చదివి, ఎదుటి మనిషి ఔనన్నాకే సూది గుచ్చనిస్తాను. ఒకసారి ఇచ్చిన నంబరు ఆ మనిషి పోయినా ఆ మనిషిదే. ఈ ముక్క నేర్చుకోవడానికి ఒకరి కాలు పోయింది.

మునెమ్మ ఇంటి ముందు కూర్చుని పూలు కట్టి ఇస్తుంది, భర్త తిరిగి అమ్ముతాడు. చక్కెర పరీక్షకు ఇప్పటికీ మా దగ్గరికే వస్తుంది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఇంత జరిగినాక ఇంకో లాబ్‌కు పోకూడదా అని.

“ఆడ నా పేరు ఎవురికి తెలుసు మే?” అంది, చెయ్యి చాపుతూ.