లాడ్ బజార్‌లో నా కేక

పోయిన ఏడు, నా డెబ్బై ఒకటో ఏట, లాల్‌దర్వాజాలోని మా ఇంట్లో పచ్చడి జాడీ పగిలి నా కుడి మణికట్టు దగ్గర నరం తెగి, మూడు వేళ్లకు స్పర్శ పోయింది. డాక్టరుగారు ఆపరేషన్ చేసి కుట్టారు. "నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందమ్మా, స్పర్శ మెల్లగా వస్తుంది" అన్నారు.

నేను టేపుతో కొలిచాను. మణికట్టు నుంచి వేలికొన వరకు నూట ఎనభై మిల్లీమీటర్లు. క్యాలెండర్‌లో నూట ఎనభయ్యో రోజుకు ఎర్ర సున్నా చుట్టాను. ఆ రోజు వచ్చింది, పోయింది. వేడి అన్నం కలిపినా ఆ మూడు వేళ్లకు ఏమీ తెలియలేదు. నరం చచ్చిందని తేల్చుకుని, డాక్టరుగారు చెప్పిన చేతి వ్యాయామం కూడా మానేశాను.

పన్నెండు రోజుల తర్వాత, బోనాలకు గాజులు కొందామని కోడలు నన్ను లాడ్ బజార్ తీసుకెళ్లింది. గాజులమ్మే ఫాతిమా బీ నా కుడిచేతి వేళ్లన్నీ దగ్గరికి నొక్కి గాజు ఎక్కిస్తుంటే, స్పర్శ లేని ఆ మూడు వేళ్లలో కరెంటు కొట్టినట్టయింది. కెవ్వున అరిచాను. జనం మూగారు.

"ఏం జేసినవ్ బీ, పెద్దమ్మను?" అని ఒకామె గద్దించింది.

"అల్లా కసం, గాజు గూడ పగల్లే!" అంది ఫాతిమా బీ.

"గట్లనే ఇంకోసారి నొక్కు బీ!" అన్నాను ఏడుస్తూ.

"తోబా! అమ్మకు ఏమైంది?" అని ఆమె నా కోడలి వైపు చూసింది.

మర్నాడు డాక్టరుగారు వేళ్ల మీద తట్టి చూసి నవ్వారు. కుట్టిన నరం పెరగడం మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుందట. ఆ వారాలను నేను లెక్కలో కలపనేలేదు.

ఇప్పుడు రెండు వేళ్లకు అన్నం వేడి తెలుస్తోంది. మూడో వేలి కోసం క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూనే ఉన్నాను. ఈసారి ఎర్ర సున్నా మాత్రం చుట్టలేదు.