దొరగారి ఒక్క బంతి ఇన్నింగ్స్

అక్షరాలను ప్రసాదించి, అబద్ధమాడిన వేళ నాలుకను తడబడజేసే ఆ వాగ్దేవికి నమస్కరించి, ఒకానొక మాఘ శుద్ధ దశమి, శుక్రవారం నాటి ముచ్చటను విన్నవించుకుంటున్నాను.

ఆ రోజుల్లో ధర్మం గ్రంథాలలో ఉంటుందనీ, సెలవు మాత్రం పై అధికారి సంతకంలో ఉంటుందనీ దృఢంగా నమ్మేవాణ్ణి. దోహాలో ఒక నిర్మాణ కంపెనీలో గుమాస్తాను. ఊళ్ళో మా ఆవిడకు నెలలు నిండాయి. నా సెలవు దరఖాస్తు మా ఇంగ్లీషు ఇంజనీరు దొరగారి బల్లమీద పది దినాలుగా విశ్రమిస్తున్నది. సరిగ్గా అప్పుడే ఆయనకు మాతో క్రికెట్టు ఆడాలని బుద్ధి పుట్టింది.

మా కార్మికుల బసలున్న బర్వా అల్ బరాహా దాపున ఇసుకనేలలో శుక్రవారం ఉదయాలు మేము ఆడుకునేవాళ్ళం. ఒక ప్రక్కన పొరుగు కంపెనీ ప్రహరీ. అటు పడిన బంతిని అక్కడి కావలివాడు ఏనాడూ తిరిగి ఇచ్చి ఎరుగడు. అడిగితే అరబ్బీలో ‘మాఫీ’, అంటే లేదు పొమ్మని తలుపు మూసేవాడు. అందుచేత గోడ దాటిస్తే ఔటు అన్నది మా శాసనం. కొట్టినవాడే పోయి బ్రతిమాలుకోవాలన్నది దాని అనుబంధం. (నాలుగు శ్లోకాలు వచ్చునన్న ఏకైక అర్హతతో నేను శాశ్వత అంపైరును.) ఈ శాసనాన్ని దొరగారికి విన్నవించే సాహసం మాలో ఎవరూ చేయలేదు.

తెల్లని దుస్తులు, కాళ్ళకు కవచాలు, చేతులకు తొడుగులు ధరించి, టేపు చుట్టిన టెన్నిసు బంతిని ఎదుర్కొనడానికి ఆయన యుద్ధసన్నద్ధుడై వచ్చాడు. అరబ్బుల ఇంట డ్రైవరైన మా కడపన్న, లుంగీ పైకి మడిచి, మొదటి బంతి వేశాడు. దొరగారు దానిని గోడ దాటించి, బ్యాటు ఆకాశానికెత్తి నిలిచాడు. అందరి చూపులూ నా మీద వ్రాలాయి. నేను రెండు చేతులూ పైకెత్తాను. సిక్సరు.

కడపన్న మెల్లగా నా దగ్గరకు వచ్చాడు. “ఏం పంతులూ, గోడ దాటింది గదప్పా?”

“నా లీవు పేపరు ఆయన టేబుల్ మీదుందన్నా,” అన్నాను గొంతు తగ్గించి.

“నీ లీవు కోసరం మా గోడ తీసేస్తివా?”

దొరగారు దగ్గరకు వచ్చి సంగతేమని అడిగాడు. గాలివాటం గురించి చర్చిస్తున్నామని మనవి చేశాను; నాలుక తడబడింది. కడపన్న తన హిందీలో అడ్డు వచ్చాడు. “సార్, దీవార్ పార్, ఔట్. పంతులు డర్తా.” గోడ దాటితే ఔటనీ, పంతులు భయపడుతున్నాడనీ ఆ హిందీ దొరగారికి కూడా తెలిసిపోయింది.

దొరగారు నన్ను ఒక్కసారి చూచి, తొడుగులు విప్పి, కడపన్నతో కరచాలనం చేసి నిష్క్రమించాడు. అనుబంధాన్ని కూడా తెలుసుకొని, తానే పొరుగు గేటు తట్టాడు. రెండేళ్ళుగా మాకు ‘మాఫీ’ చెప్పిన ఆ కావలివాడు ఆయన ముఖవర్చస్సు చూచి సలాము చేసి, మేము పోగొట్టుకున్న బంతులన్నీ బకెట్టుతో సహా సమర్పించుకున్నాడు. నాటినుండి దొరగారు మళ్ళీ బ్యాటు పట్టింది లేదు. ప్రతి శుక్రవారమూ గోడ ప్రక్కన కుర్చీ వేసుకొని, బంతి అటు పడినప్పుడల్లా లేచి వెళ్ళి తెచ్చిపెట్టేవాడు. దానితో మా శాసనం అటకెక్కింది.

ఆ మొదటి ఆట మరునాడే నన్ను తన గదికి పిలిచి, నా దరఖాస్తు మీద కలం ఆనించి, “ఔటా, సిక్సరా?” అని అడిగాడు. “ఔటే సార్,” అన్నాను. సంతకం పెట్టాడు. నా జీవితంలో ఇచ్చిన తీర్పులన్నింటిలో గట్టిది అదే. ఒక రోజు ఆలస్యంగా ఇచ్చాను, అంతే.

మాఘ బహుళ పంచమి నాడు దోహా విడిచాను. సప్తమి నాడు మా అమ్మాయి పుట్టింది. చైత్రంలో నేను తిరిగి వచ్చేసరికి దొరగారికి బదిలీ అయింది. గోడ దాటితే ఔటన్న శాసనం మళ్ళీ అమలులోకి వచ్చింది.