మా బావ కొలిచిన పాకం

మా అక్క పెనిమిటి, నేను నోరారా బావా అని పిలుచుకున్న మనిషి, పోయిన గురువారం కామెర్లతో వెళ్ళిపోయాడు. కబురు కశింకోటలో మా చెరకు గానుగ దగ్గరికి వచ్చింది. బావకు నలభై ఏళ్ళు నిండలేదు. అనకాపల్లిలో చాలామందికి ఆయన రోజూ వాల్తేరు రైలెక్కే సైన్సు మేష్టారు. అక్కడ ఏం చేసేవాడో తెలిసినవాళ్ళు తక్కువ. నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. రాయక తప్పని ఇంకో కారణం కూడా ఉంది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మిలటరీవాళ్ళు వదిలేసిన రేడియో సామాన్లు పోగుచేసి, వాల్తేరు కాలేజీ ప్రయోగశాలలో ఒక పెద్ద అయస్కాంతం పక్కన అమర్చుకున్నాడు. నీళ్ళ అణువుల్లో కంటికి ఆననంత చిన్న అయస్కాంతాలు ఉంటాయట. పెద్ద అయస్కాంతం మధ్య అవి ఒక తీరున సర్దుకుంటాయి. రేడియో తరంగంతో కదిపితే చెదిరి, మళ్ళీ కుదురుకుంటాయి. ఎంతసేపట్లో అన్నదే ఆయన కొలత. కరెంటు పెంచీ తగ్గించీ అయస్కాంతం బలం మారుస్తూ, ఒక్కొక్క బలం దగ్గర మళ్ళీ మళ్ళీ కొలిచేవాడు.

"సంతలోకి ఎద్దు జొరబడిందనుకో. జనం సెదిరిపోతారు. మళ్ళీ ఎవడి సోటికి వాడు ఎంతసేపట్లో సేరతాడో, అదిరా నా లెక్క," అనేవాడు.

కాఫీ కలిపినా గ్లాసులో సుడి ఆగేదాకా తాగేవాడు కాదు. "సల్లారిపోయింది, ఇంకేటి సూత్తారు?" అని అక్క విసుక్కునేది. అయస్కాంతం దగ్గరికి ఇనుము తీసుకుపోకూడదన్న అలవాటు కొద్దీ, ఇంటికొచ్చినా తాళంచెవులు గుమ్మం బయటే పెట్టేసేవాడు. రెండుసార్లు పోయాయి కూడా.

చిక్కటి ద్రవంలో అణువులు ఎలా కుదురుకుంటాయో చూడడానికి ఆయనకు పాకం కావలసివచ్చింది. పంచదార అప్పుడు కంట్రోల్లో ఉండేది, రేషనుకు మించి దొరికేది కాదు. నన్నడిగాడు.

"ఇనప పెనంలో కాయొద్దు బామ్మర్దీ. రవ్వంత ఇనుము దిగినా నా కొలత మునుగుతాది. కొత్త కుండలో కాసి పంపు."

కుండలోనే మొదలుపెట్టాను. రెండోనాడు కుండ పగిలిపోయింది. గానుగాడే రోజులు, చేతినిండా పని. బెల్లం కాగే ఇనప పెనంలోంచి ఇంత పాకం తీసి, ఇంకో కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి పంపేశాను. కుండ పాకమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ పాకంలో అణువులు ఆయన అనుకున్నదానికంటే చాలా తొందరగా కుదురుకున్నాయి. ఎవరూ చూడనిది చూశానని మురిసిపోయాడు. వ్యాసం రాసి పంపాడు. అది అచ్చయితే లెక్చరరు పని వస్తుందని అక్క సంబరపడింది. తరువాత ఎలాగో శుద్ధమైన పంచదార సంపాదించి మళ్ళీ కొలిస్తే ఆ అంకెలు రాలేదు. సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కల పాకంలో మందు వేసి చూశాడు. నెత్తురులా ఎర్రబడింది. ఇనుము ఉందన్నమాట. అణువుల్ని తొందరపెట్టింది అదే.

ఆ సాయంత్రం తిన్నగా మా ఇంటికి వచ్చాడు.

"కుండలోనే కాసేవా?"

"కుండలోనే బావా," అన్నాను.

"అయితే నా దగ్గరే కలిసుంటాది. తప్పు నాదే," అని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ మాటే రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. లెక్చరరు పని ఇంకొకరికి వెళ్ళింది. "కొలిసింది సెప్పాల గానీ కోరుకున్నది సెప్పకూడదు" అని కుర్రాళ్ళకు పాఠం చెప్పేవాడు, తనూ అలాగే ఉన్నాడు. ఏడాదిపాటు గాజుగొట్టాలూ సీసాలూ నీళ్ళూ ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ, ఇనుము ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతికాడు. నేను ఆ ఏడాదంతా వాళ్ళింటికి వెళుతూ, అక్క పెట్టింది తిని వస్తూ ఉన్నాను. నోరు మాత్రం విప్పలేదు.

పోవడానికి నాలుగు రోజుల ముందు మంచం మీద పసుపుముద్దలా పడివున్న మనిషిని చూశాక ఇక ఉండబట్టలేదు.

"అది పెనంలోది బావా. కుండ పగిలిపోయింది. అబద్ధమాడేను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన లేచి కూర్చోబోయాడు. ఆ మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు చూశాను.

"పెనమా! ఎంతసేపు ఉడికింది?"

"మూడు గంటలు."

"అయితే అదే పెనంలో అంతేసేపు మళ్ళీ కాయి. ఇనుము ఎంత దిగిందో తేలితే నా కొలతలన్నీ పనికొత్తాయిరా. పాకం లెక్క కాకపోతే ఇనుము లెక్క అవుతాది. ఈ ముక్క అప్పుడే సెప్పుంటే..." అని, నా మొహం చూసి ఆగిపోయాడు. "పోన్లే. నా కొలతల పుస్తకం తే."

పెనం ఆయన పనిని చెడగొట్టలేదు. నా నోరు చెడగొట్టింది. ఇది ఇప్పుడు ఎవరితో చెప్పుకున్నా ఆయనకు ఒరిగేదేమీ లేదు, అయినా చెబుతున్నాను.

అక్క పుస్తకం పట్టుకుంది. గీతలు తిన్నగా గీసి, అయస్కాంతం బలాలు ఒకదాని కింద ఒకటి జ్ఞాపకం మీద రాశాడు. కొత్త కొలతల కోసం పక్క గళ్ళు ఖాళీగా వదిలాడు. రాస్తూ రాస్తూనే నిద్రకు కళ్ళు మూతపడ్డాయి. పడుకోనిద్దామని అక్క పెన్సిలు తీసుకోబోయింది. ఆయన వేళ్ళు వదల్లేదు.